పాత నీళ్లను పారబొయ్యకండి

మా ఐనవిల్లిలో ఇప్పుడు ఏ దొడ్లోకి తొంగిచూసినా ఏదో ఒక మూల నీటి తోట కనిపిస్తోంది. నుయ్యి తవ్వినప్పుడు మిగిలిపోయిన సిమెంటు వరలో ఎర్ర కలువ, పాడి తీసేశాక ఖాళీగా పడి ఉన్న కుడితి గోలెంలో తామర, కొత్తగా మేడ కట్టుకున్నవాళ్ల ఇంట్లో అయితే రాతి అంచు కట్టించిన చిన్న కోనేరు. దుంపలు గౌతమికి అవతలనున్న కడియం నర్సరీల నుంచి వస్తాయి. రంగు చేపలు అమలాపురం నుంచి గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రెండు నెలలు తిరిగేసరికి ఆ ఇంటివాళ్లే వచ్చి మా అరుగు మీద దిగులుగా కూర్చుంటారు. “టీచరుగారూ, చేపలన్నీ పోయాయండీ. మేం తక్కువేం చెయ్యలేదండీ. ఆదివారం ఆదివారం నీళ్లన్నీ తోడేసి, అడుగంతా బ్లీచింగుతో తోమి, కొత్త నీళ్లు పడుతున్నామండీ.”

ఆ తోముడు వల్లే చేపలు పోయాయి. ఇల్లు తోమినట్టు కోనేరును తోమకూడదు. ఈ ఒక్క సంగతి మనసుకి పడితే మిగతాదంతా తేలిక.

నేను ఈ మండలంలోనే హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా దొడ్లో కోనేరు మా మామగారు తవ్వించింది. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుపానులో ఇంటి వెనక కొబ్బరి చెట్లు వరసగా కూలిపోయాయి. వేళ్లతో సహా లేచిపోయిన చోట పెద్ద గుంటలు పడ్డాయి. అప్పటిదాకా మధ్యాహ్నం కూడా నీడగా ఉండే ఆ చోట ఒక్కసారిగా ఎండ పడింది. మళ్లీ మొక్కలు వేద్దామని అందరూ అంటుంటే, ఒక గుంటని వెడల్పు చేయించి, బంకమట్టితో అడుగు తొక్కించి, చుట్టూ ఇటుక కట్టించారాయన. పొడవు పదడుగులు, వెడల్పు ఆరు, లోతు రెండున్నర. ఒక ఘనపుటడుగుకి ఇరవై ఎనిమిది లీటర్ల చొప్పున నాలుగు వేల రెండు వందల లీటర్లు పడతాయి. ఆ నీళ్లను పూర్తిగా తోడి పారబోసింది లేదు. తగ్గితే పోస్తాం, అంతే.

పాత నీళ్లలో ఏముందని అంత గౌరవం అని అడుగుతారు. చేప ఊపిరి తీసేటప్పుడే మొప్పల గుండా అమ్మోనియాను నీళ్లలోకి వదులుతుంది. తినకుండా అడుక్కి చేరిన మేత కుళ్లినా, రాలిన ఆకు చివికినా వచ్చేది అమ్మోనియాయే. ఎండకి వేడెక్కిన నీళ్లలో దాని విషం ఇంకా పెరుగుతుంది. విడి అమ్మోనియా లీటరుకి మిల్లీగ్రాములో పదోవంతు ఉన్నా చేప మొప్పలు దెబ్బతింటాయి. అంత విషాన్ని రోజూ వదులుతూ అందులోనే చేప ఎలా బతుకుతోంది? గోడల మీద, రాళ్ల మీద, కుండీల అంచుల మీద, కలువ వేళ్ల మీద జారుడుగా ఒక జిగురు పొర ఉంటుందే, దాని పుణ్యం. ఆ పొరలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో జాతి దాన్ని నైట్రేటు చేస్తుంది. నైట్రేటు మొక్కకి ఎరువు. కలువ దాన్ని పీల్చుకుని కొత్త ఆకు వేస్తుంది. ఇదంతా గాలీ వెలుతురూ ఉంటే దానంతటదే సాగిపోయే పని. ఈ సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో విడదీసి చూపించినవాడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త. ఆయన పరిశోధన నేల గురించి. మన కోనేటి గోడకి పట్టిన పాచిలో జరిగేదీ అదే.

చీపురు పెట్టి ఆ జిగురంతా గీకేసి, మిగిలింది బ్లీచింగు పొడితో చంపేస్తే, కొత్త నీళ్లలో చేప వదిలిన విషం చేపకే మిగులుతుంది. పైకి నీళ్లు అద్దంలా ఉంటాయి. మూడో రోజుకి చేపలు పైకి తేలతాయి.

నీళ్లు మార్చకుండానే చేపలు బతుకుతాయని కనిపెట్టిన కథ ఒకటి పిల్లలకి ఇష్టంగా చెప్పేదాన్ని. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1849లో ఒక గాజుపాత్రలో రెండు గోల్డ్ ఫిష్‌లు, వాలిస్‌నేరియా మొక్క వేసి, నీళ్లు మార్చకుండా ఎన్నాళ్లు నడుస్తుందో చూద్దామనుకున్నాడు. వాలిస్‌నేరియా అంటే మన కాలువల అడుగున రిబ్బనులా పొడుగ్గా పెరిగే మొక్కే. కొన్నాళ్లకి దాని ముదురు ఆకులు కుళ్లి నీళ్లు మసకబారాయి. ఆయన నీళ్లు పారబొయ్యలేదు. చెరువు నుంచి నత్తలు తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకును తినేశాయి. అవి పెట్టిన గుడ్లు చేపలకి మేత అయ్యాయి. నీళ్లు తేటపడ్డాయి. ఆ సంగతంతా 1850లో కెమికల్ సొసైటీ పత్రికలో రాశాడు. ఇంట్లో అక్వేరియం పెట్టుకునే అలవాటు యూరపులో ఊపందుకున్నది ఆ తర్వాతే. చేప, మొక్క, నత్త, బురద. ఈ నాలుగూ ఉన్న నీరు తనను తాను కడుక్కుంటుందని మన ఊళ్లో పాత చెరువుగట్టు మీద పెరిగినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పటివాళ్లకే చెప్పాల్సి వస్తోంది.

కొత్తగా కోనేరు కట్టుకున్నవాళ్లకి నేను చెప్పేది ఓపిక పట్టమని. సిమెంటు పని అయితే ముందు నీళ్లు నింపి వారం ఉంచి పారబొయ్యండి, అలా రెండు మూడుసార్లు చెయ్యండి. పచ్చి సిమెంటు సున్నపు ఘాటు చేపకి పడదు. కొత్త నీళ్లను పారబొయ్యడానికి నాకేం అభ్యంతరం లేదు. తర్వాత మొక్కలు పెట్టండి. పంచాయతీ కుళాయి నీళ్లయితే క్లోరిను పోవడానికి రెండు రోజులు ఎండలో ఉండనివ్వండి. ఆపైన బాగా నడుస్తున్న పాత కోనేటి నుంచి రెండు బిందెల నీళ్లు, గుప్పెడు అడుగు బురద, నాచు పట్టిన ఒక రాయి తెచ్చి వెయ్యండి. పాలకి తోడు పెట్టినట్టే. మా దగ్గర్నుంచి బిందెలతో తోడు పట్టుకెళ్లినవాళ్లు ఈ వీధిలో చాలామందే ఉన్నారు. అప్పుడు కూడా చేపలన్నీ ఒకేసారి వదలకూడదు. ముందు ఒకటి రెండు చిన్నవి. నెలా నెలన్నర తర్వాత మిగతావి.

మూడో వారంలో నీళ్లు బఠాణీ చారులా పచ్చగా మారతాయి. అందరూ కంగారుపడి తోడి పారబోసేది ఇక్కడే. ఆ పచ్చదనం సూక్ష్మమైన నాచు. ఎండ, ఎరువు రెండూ ఉండి, తినే పెద్ద మొక్క ఇంకా ఎదగకపోవడం వల్ల వస్తుంది. కలువ ఆకులు నీటి పైభాగంలో సగానికి పైగా కమ్ముకునేసరికి వెలుతురు అందక నాచు తగ్గిపోతుంది. నీళ్లు మారిస్తే మళ్లీ మొదటి రోజు నుంచి మొదలు. ఉండలు ఉండలుగా, దారాలుగా పెరిగే నాచు వేరు. దాన్ని కొబ్బరి ఈనెల కట్టతో చుట్టి తిప్పి లాగితే పొర పొరంతా వచ్చేస్తుంది. పటిక వెయ్యమని కొందరు చెబుతారు. తాగే నీళ్ల బిందెలో అది పనికొస్తుంది గానీ చేపలున్న చోట వద్దు, నీటి గుణం ఉన్నట్టుండి మారిపోతుంది.

చేపల లెక్క దగ్గరే మనుషుల ఆశ బయటపడుతుంది. సంచిలో రెండంగుళాలు ఉన్న గోల్డ్ ఫిష్ కోనేట్లో ఆరేడు అంగుళాలు అవుతుంది. ఒక్కోదానికి వంద లీటర్లయినా ఉండాలని నా లెక్క. మామూలు వరలో నీళ్లు నాలుగైదు వందల లీటర్లు మించవు, అంటే నాలుగు చేపలు. జపాన్ కోయ్ చేప రెండడుగులు పెరుగుతుంది, కలువ దుంపను మట్టితో సహా తవ్విపారేస్తుంది. దొడ్లో చిన్న కోనేటికి అది తగదు. మేత విషయంలో కూడా అంతే. రెండు నిమిషాల్లో తినేసేంత వేస్తే చాలు, అదీ రోజుకి ఒకసారి. ఊరెళ్తే వారం రోజులు వెయ్యకపోయినా నాచూ పురుగులూ తిని బతుకుతాయి. అన్నం మెతుకులు, మరమరాలు, బియ్యం కడిగిన నీళ్లు మాత్రం పొయ్యకండి. మా అత్తగారికి చేపలకి ఏదో ఒకటి పెట్టకుండా అన్నం సయించేది కాదు. ఆవిడ కోసం ఒక చిన్న గిన్నె కేటాయించాను, అది నిండితే ఆ రోజుకి సరి.

వేసవి మాకు పరీక్ష. ఏప్రిల్ సగం దాటాక కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో గాని నీళ్లు వదలరు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి గోదావరి డెల్టా జీవితం ఆ కాలువల రాకపోకల మీదే నడుస్తోంది. కాలువ ఎండితే బోదెలు ఎండుతాయి, నూతుల్లో నీళ్లు కిందికి దిగుతాయి. మే నెల ఎండకి మా కోనేట్లో రోజుకి అర సెంటీమీటరు ఇంకిపోతుంది. లెక్కేస్తే ఇరవై ఎనిమిది లీటర్లు, అంటే రెండు బిందెలు. ఆ రెండు బిందెలు సాయంత్రం చల్లబడ్డాక, పైనుంచి ధారగా పోస్తాను. ధార పడితే గాలి కలుస్తుంది. తీరం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అక్కడివాళ్లు వాన నీళ్లు పట్టి దాచుకుని ఇందుకు వాడుకోవడం మేలు. ఇంకిపోయేది నీరు ఒక్కటే, ఉప్పు లోపలే మిగిలి పోనుపోను చిక్కబడుతుంది.

నీళ్లు వేడెక్కినకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఇరవై డిగ్రీల దగ్గర లీటరులో తొమ్మిది మిల్లీగ్రాములు కరిగే చోట, ముప్పై అయిదు డిగ్రీలకి ఏడు కూడా కరగదు. పగలు మొక్కలు ప్రాణవాయువును ఇస్తాయి. స్కూల్లో గాజుగరాటు కింద హైడ్రిల్లా పెట్టి, పైన బోర్లించిన గొట్టంలో బుడగలు చూపించిన ప్రయోగం గుర్తుంది కదా. రాత్రి అవే మొక్కలు చేపలతో పాటు ఊపిరి తీస్తాయి. అందుకే తెల్లవారుజాము నాలుగు, అయిదు గంటల వేళ నీళ్లలో గాలి అన్నిటికన్నా తక్కువ. చేపలు మూతులు పైకి పెట్టి గుటకలు మింగుతున్నాయని ఆ వేళ లేచి చూసినవాళ్లకే తెలుస్తుంది. చెంబుతో ఆ నీళ్లే తోడి ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తూ ఉంటే పావుగంటలో సర్దుకుంటాయి. ముసురు పట్టిన రోజు ఇంకా జాగ్రత్త. ఎండ లేక మొక్కలు గాలి ఇవ్వవు. మా చుట్టుపక్కల చేపల చెరువుల రైతులు మబ్బు పట్టగానే మేత కట్టేస్తారు. దొడ్లో కోనేటికీ అదే పద్ధతి.

ఇక మొక్కలు. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే కోనేరు కట్టించుకున్నది వాటి కోసమే.

కలువ ఆకు నీటి మీద పడుకుంటుంది, తొడిమ దగ్గరకి ఒక చీలిక ఉంటుంది. తామరాకు గొడుగులా నీటి పైకి లేస్తుంది, దాని మీద పడ్డ చుక్క నిలవదు. దుంప కొనేముందు ఏది ఏదో తెలుసుకోవాలి, ఎందుకంటే వాటి కోరికలు వేరు. మా బోదెల్లో పుట్టే ఎర్ర కలువ రాత్రి విచ్చుకుని మర్నాడు పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి చీకటిపడ్డాక ఇంటికి చేరేవాళ్లకి ఇదే తగినది. నీలి కలువ, విదేశీ గులాబీ, పసుపు రంగు కలువలు పగటి పూట పూస్తాయి. ఇంటిపట్టున ఉండేవాళ్లు అవి వేసుకోవచ్చు. అన్నిటికీ రోజుకి అయిదారు గంటల నేరుగా పడే ఎండ కావాలి. కోనసీమలో కొబ్బరి నీడ కింద కలువ పెట్టి “ఆకులే వస్తున్నాయి, పువ్వు లేదు” అనేవాళ్లని రోజూ చూస్తుంటాను.

వెడల్పాటి మట్టి గోలెం తీసుకుని, అడుగున రెండు గుప్పెళ్లు బాగా మాగిన గత్తం, దాని మీద గుప్పెడు ఎముకల పొడి, ఆపైన జానెడు పొలం బంకమట్టి వెయ్యాలి. పైన రెండంగుళాలు గోదావరి ఇసుక పరిస్తే మట్టి లేచి నీళ్లు కలకబారవు, చేపలు తవ్వవు. దుంపను పక్కవాటంగా పెట్టి, మొలక కొన ఇసుక పైకి కనిపించేలా ఉంచాలి. కొన పూడితే కుళ్లిపోతుంది. గోలేన్ని ముందు ఇటుకల మీద నిలబెట్టి ఆకు నీటిపైకి అందేలా చేసి, ఆకులు పెరిగినకొద్దీ ఇటుకలు తీస్తూ లోతుకి దించాలి. నర్సరీలో అమ్మే కొబ్బరి పొట్టు మిశ్రమం ఇక్కడ పనికిరాదు, తేలిపోతుంది, నీళ్లు ఎర్రబారతాయి. పచ్చి పేడ అసలొద్దు. రెండేళ్లకోసారి దుంపలు విడగొట్టి కొత్త మట్టిలో పెట్టాలి. మా దొడ్లో ఆ పని ఫిబ్రవరి, మార్చిలలో అవుతుంది, ఎండలు ముదరకముందే.

తామరకి సొంత ఇల్లు ఉండాలి. దాని దుంప నేలలో మూరల కొద్దీ పరుగెడుతుంది, అడుగు మట్టిలో వదిలితే రెండేళ్లలో కోనేరంతా అదే అవుతుంది. కంత లేని వెడల్పు తొట్టెలో పెట్టి, తొట్టెనే నీళ్లలో ఉంచండి. గింజ నుంచి పెంచాలనుకుంటే ఆకురాయి మీద ఒక కొసని తెల్లటి పప్పు కనిపించేదాకా అరగదీసి గ్లాసు నీళ్లలో వెయ్యండి. నల్లటి పెంకు నీటిని లోపలికి రానివ్వదు, ఆ గట్టితనమే దాని ఆయుష్షు. చైనాలో ఎండిపోయిన ఒక పాత చెరువు మట్టిలో దొరికిన తామర గింజల్లో దాదాపు 1,300 ఏళ్లనాటిది మొలకెత్తిందని 1995లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పెంకు అరగదీశాకే అదీ మొలిచింది.

కడియంలో మనం కొనే గులాబీ, పసుపు కలువల్లో కొన్నిటి పుట్టుక ఫ్రాన్సులో జరిగింది. చలికి తట్టుకునే కలువలంటే యూరపులో తెల్లవే ఉన్న రోజుల్లో, 1875లో నర్సరీ పెట్టిన లాతూర్ మర్లియాక్ రకరకాల కలువల్ని కలిపి రంగు రకాలు పుట్టించాడు. 1889 పారిస్ ప్రదర్శనలో అవి పెట్టారు. చిత్రకారుడు క్లోద్ మోనే తన కోనేటి కోసం ఆయన దగ్గరే దుంపలు కొన్నాడు. 1893లో మోనే తన ఊరు జివెర్నీలో పక్కనున్న ఏటిపాయ నుంచి కోనేటికి నీళ్లు తెచ్చుకుంటానంటే ఊరివాళ్లు ఒప్పుకోలేదు. ఈ విదేశీ మొక్కలు మన నీళ్లు పాడుచేస్తాయన్నారు. ఇరుగుపొరుగు భయం ఎక్కడైనా ఒకటే.

మన దగ్గర ఆ భయం పేరు దోమ. “కోనేరు పెట్టావు, డెంగీ తెస్తావు” అని పక్కింటి పిన్ని నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఆవిడ భయం తప్పనను. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. అయితే చేపలు తిరిగే నీళ్లలో దాని పిల్ల బతకదు. కోనసీమ దొడ్డిలో అది పెరిగేది వేరే చోట్ల. కాయల దింపు తీశాక చెట్ల కింద వదిలేసిన కొబ్బరి చిప్పలు, తాగి పారేసిన బొండాలు, పూలకుండీ కింది పళ్లెం, మేడమీద మూతలేని డ్రమ్ము. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య కార్యకర్తలు వచ్చినప్పుడు నేను వాళ్లని ముందు చెట్ల కిందికి తీసుకెళ్తాను.

దోమ విషయంలో ఒక మొక్క మీద నాకు పట్టుదల ఉంది. అంతరతామర. పచ్చ పువ్వులా నీటి మీద తేలుతూ అందంగా ఉంటుంది, నర్సరీవాళ్లు ఊరికే ఇచ్చేస్తారు. మాన్సోనియా అనే దోమ పిల్ల నీటి పైకి రాకుండా, దీని వేళ్లకి, గుర్రపుడెక్క వేళ్లకి గొట్టం గుచ్చి అక్కడి గాలితోనే ఊపిరి తీస్తుంది. వేళ్ల గుబురులో దాక్కున్నదాన్ని చేప పట్టలేదు. ఒక రకం బోదకాలు వ్యాధిని మోసేది ఈ దోమే. కేరళలోని చేర్తలలో 1980లలో ఊళ్లోని చెరువుల నుంచి ఈ కలుపును జనంతో తీయించడమే బోదకాలు మీద పోరాటంలో పెద్ద భాగమైంది. మన డెల్టాలో బోదకాలు ఎక్కువగా మురుగు నీటి దోమ వల్ల వచ్చింది. ఏ దోమ అయితేనేం, ఆ జబ్బును కళ్లారా చూసిన ఊళ్లవాళ్లం. అంతరతామరను మా కోనేట్లో అడుగుపెట్టనివ్వను.

దోమ పిల్లల్ని తినడానికి ఆరోగ్యశాఖవాళ్లు వదిలే గంబూసియా చేప 1928లో ఇటలీ నుంచి మన దేశానికి వచ్చింది. దోమ పిల్లల్ని తింటుంది, నిజమే. కప్ప పిల్లల్ని, మన చేపల గుడ్లనీ తింటుంది. ప్రపంచంలో చెడ్డ వలస జీవుల వంద పేర్ల జాబితాలో దాని పేరు ఉంది. మన బోదెల్లోనే నెత్తిన వెండిచుక్క మెరిసే చిట్టి చేప ఉంది, అప్లోకైలస్ అంటారు. ఎప్పుడూ నీటి పైపొరలోనే తిరుగుతూ దోమ పిల్లల్ని ఏరుకు తింటుంది. పిల్లలు తువ్వాలుతో పట్టి తెస్తారు. వాటితో పాటు నాలుగు పరిగెలు. ఇవి నా ఎంపిక. గోల్డ్ ఫిష్‌లు కూడా మనవరాలి ముచ్చట కోసం నాలుగు ఉన్నాయి. కొరమేను, మట్టగిడస, మార్పు పిల్లలు మాత్రం వద్దు. ఎలాంటి నీళ్లలోనైనా బతుకుతాయి గానీ మిగతా చేపల్ని మిగల్చవు.

కొబ్బరి తోట మధ్య కోనేరు పెట్టుకుంటే వచ్చే చిక్కులు వేరే ఊరివాళ్లకి తెలియవు. రెండు నెలలకోసారి దింపు. పైనుంచి పడే కాయ గోలేన్ని పగలగొడుతుంది, అందుకే దింపు రోజు వెదురు తడికె వేస్తాం. డొక్కలు నీళ్లలో పడితే వెంటనే తియ్యాలి. పీచు కోసం డొక్కలు నానబెట్టే గుంటలో నీళ్లు నల్లగా మారి, చేప బతక్కపోవడం అందరం చూసిందే. 2016లో పొల్లాచ్చి వైపు మొదట కనిపించిన సర్పలాకార తెల్లదోమ మన కొబ్బరినీ పట్టుకుంది. అది కార్చే తేనెబంక కలువ ఆకుల మీద పడి నల్లటి మసి పేరుకుంటుంది. తడిగుడ్డతో తుడిచేస్తే పోతుంది. దాని కోసం పురుగుమందు కొడితే చేపలు మిగలవు, ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్ రకాలు చేపకి మహా విషం. ఇంట్లో దోమలకి కొట్టే స్ప్రేలలో కూడా ఉండేవి అవే. తెల్లదోమకి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంవాళ్లు మిత్ర పురుగుల్ని, మిత్ర శిలీంద్రాన్ని వాడమంటున్నారు. కోనేరున్నవాళ్లకి అంతకన్నా మంచి మార్గం లేదు. కలువ ఆకు మీద పేనుబంక వస్తే పైపుతో నీళ్లు కొట్టండి, కిందపడ్డ పేలను చేపలు తినేస్తాయి.

వినాయక చవితికి ముందురోజు మా ఇంటికి పిల్లలు కలువల కోసం వస్తారు. సిద్ధి వినాయకుడి ఊరు కదా, ఆ రోజు పువ్వుకి ఇక్కడ వెల కట్టలేం. పువ్వు తెంపేటప్పుడు తూడును నీటి అడుగు దాకా పట్టుకుని లాగమంటాను, సగంలో తెగిన తూడు లోపలే కుళ్లుతుంది. పోలి పాడ్యమి తెల్లవారుజామున ఆడవాళ్లం అరటిదొప్పల్లో దీపాలు వదులుతాం. పొద్దెక్కాక నీటి మీద నెయ్యి, నూనె పొరలా మిగులుతుంది, గాలి లోపలికి దిగదు. పాత న్యూస్ పేపరు నీటి మీద పరిచి లాగితే నూనె దానికి అంటుకుని వచ్చేస్తుంది. దొప్పలు కూడా అప్పుడే ఏరెయ్యాలి.

చిన్నపిల్లలున్న ఇంట్లో కోనేటికి నీటి మట్టానికి జానెడు కింద ఇనుప జాలీ బిగించుకోండి. ఆకులు పైకి వస్తాయి, పైనుంచి జాలీ కనపడదు. జానెడు నీళ్లలో కూడా ప్రాణం పోతుంది, అందుకని పాకే పిల్లలు తిరుగుతున్నన్నాళ్లు చుట్టూ దడి కూడా కట్టుకోవాలి.

ఒక్క మాట మాత్రం బతిమాలి చెబుతున్నాను. మీ కోనేట్లో ఎక్కువైనదాన్ని కాలువలో పారెయ్యకండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించినప్పుడు మన లంకల్లో పెరళ్లు, గుంటలు, నది అన్నీ ఒకటే నీరు అయిపోయాయి. అప్పుడు దొడ్లో చేప గోదావరి చేపే. అక్వేరియం అద్దం శుభ్రం చేస్తుందని అమ్మే నల్లటి గరుకు చేప అలాగే బయటపడింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ చేపని మన జాలర్లు దెయ్యం చేప అంటున్నారు. ఒళ్లంతా ముళ్ల పెంకు, వల చింపేస్తుంది, తినడానికి పనికిరాదు, గట్లకి బొరియలు చేస్తుంది. గుర్రపుడెక్క మన కాలువల్ని ఎలా కమ్మేసిందో రోజూ చూస్తూనే ఉన్నాం. అదీ ఒకనాడు పువ్వు బాగుందని తెచ్చిన మొక్కే.

ఎక్కువైన మొక్కల్ని గట్టు మీద నాలుగు రోజులు ఎండబెట్టి కొబ్బరి పాదుల్లో వేసుకోండి. చెట్టుకి మంచి ఎరువు. చేపలు ఎక్కువైతే ఇంకో కోనేరున్నవాళ్లకి ఇవ్వండి, లేదా కొన్న దుకాణంలోనే తిరిగి ఇచ్చెయ్యండి, చాలామంది తీసుకుంటారు. మా ఇంటివైపు వచ్చేవాళ్లయితే మార్చిలో రండి. ఆ నెలలో ఎర్ర కలువ దుంపలు విడగొడతాను, మట్టితో సహా తడిగోనెలో చుట్టి ఇస్తాను. బిందె మాత్రం మీరే తెచ్చుకోండి.